ఆచూకీ

మనిషి ఆచూకీ తీయడం పోలీసులకూ, పెళ్ళిళ్ళ పేరయ్యలకూ మాత్రమే చెందిన విద్య అనుకుంటాం. కొందరు పరిశోధకులకూ ఆ పాట్లు తప్పవు. మత్తుమందు మరిగిన వాడి బ్రతుకు చివరికి ఏ దరి చేరుతుందో తెలియాలంటే ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు. పదేళ్ళకూ, ఇరవై ఏళ్ళకూ మళ్ళీ అడగాలి. అడుగుదామంటే మనిషి ఏడీ?

కాలిఫోర్నియాలో హెరాయిన్ అలవాటుపడి 1962-64 మధ్య నిర్బంధ చికిత్సకు చేరిన 581 మంది పురుషుల సంగతి చూడండి. వారిని ముప్పైమూడేళ్ళు వెంబడించారు. 1996-97లో విచారిస్తే 284 మంది గతించారు. 242 మంది తమ కథ చెప్పుకున్నారు. తక్కిన 55 మంది నోట మాట రాలేదు. ఫేస్‌బుక్ ఇంకా పుట్టని రోజులవి!

ఆ కొద్దిమందీ లేకపోతేనేం అంటారేమో. లేకపోతే లెక్క అబద్ధమాడుతుంది. ఇల్లూ ఉద్యోగమూ నిలుపుకున్న వారే దొరికితే మత్తుమందు అంత చెడ్డది కాదని తేలుతుంది. అలవాటు మానుకొని, దూరపు ఊరు పోయి, పాత సంగతి పిల్లలకైనా చెప్పకుండా బ్రతికే వారు దొరక్కపోతే, బాగుపడే వారే లేరని తేలుతుంది.

లాస్ ఏంజిలిస్‌లో మెథాంఫెటమైన్ వాడిన వారిని మళ్ళీ కలుసుకునేందుకు ఫేస్‌బుక్‌లో వెతికిన వైనాన్ని 2012లో పరిశోధకులు ప్రకటించారు. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా, చాలామందికి ఆ ఖాతా మాత్రం అలాగే ఉంటుంది.

చిక్కల్లా ఇక్కడే. కార్డుముక్క మీద రాసింది పోస్టుమాను మొదలు వీధిలో అందరూ చదువుతారు. ఫేస్‌బుక్ గోడ మీద రాసిందీ అంతే. "ఆనాడు మీరు వాడిన మందు గురించి" అని అక్కడ ఒక్క ముక్క పడితే భర్తకు తెలుస్తుంది, యజమానికి తెలుస్తుంది. కుదుటపడిన సంసారం కాస్తా వీధిన పడుతుంది. అందుచేత రహస్య సందేశమే పంపాలి. అందులోనూ మందు పేరు ఎత్తరాదు. ఆరోగ్య పరిశోధన అంటే చాలు. పరిశోధకుడి ఖాతాలో స్నేహితుల పట్టిక పైకి కనిపించకూడదు. అది కనిపిస్తే అందరి గుట్టూ ఒక్కసారే బయటపడ్డట్టు. వెతికేటప్పుడు కంటబడిన ఫొటోలను లెక్కల్లో చేర్చుకోవడం మాత్రం నాకు దొంగచూపుగానే తోస్తుంది.

మొదటిసారి మాట్లాడిన నాడే "రేపు మిమ్మల్ని ఇలా వెతకవచ్చునా?" అని అడిగి సంతకం తీసుకోవడం మేలు. వద్దన్న వారిని వెతకకూడదు, పట్టికలో ఎన్ని ఖాళీలు పడినా సరే.