వెనుక దీపం వెలగనప్పుడు

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ ఒకప్పుడు నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. నేడది మరమగ్గాలకూ, అద్దకపు మిల్లులకూ నిలయమైన పారిశ్రామికవాడ. బట్టల మూటలు నింపుకున్న పికప్ వాహనాలూ, హజీరా రేవుకు సరుకు చేరవేసే భారీ ట్రెయిలర్లూ, చెరకు నరికే నెలలలో చల్థాన్, బార్డోలీ చక్కెర కర్మాగారాలకు సాగే ట్రాక్టర్ ట్రాలీలూ ఈ ప్రాంతపు రహదారులను పంచుకుంటాయి. చీకటిపడిన తరువాత ముందుపోయే బండి ఉనికిని వెనుకవచ్చే బండికి తెలిపేది ఒక చిన్న ఎర్ర దీపమే.

అది వెలగకపోతే కలిగే ప్రమాదం ఊహించడం కష్టం కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. అడ్డును గుర్తించి బ్రేకు తొక్కడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పనిచేయడం మొదలయ్యేలోగానే 25 మీటర్లు గడచిపోతాయి. రాత్రివేళ వాహనాలకు వెనుక ఎర్రదీపం ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి శాసిస్తున్నది. అయినా, దీపం ఆరిన ట్రాలీ కనబడని రాత్రి అరుదు.

దీపం ఆరగానే సాధారణంగా జరిగేది బల్బు మార్చడం. అప్పటికీ వెలగకపోతే ఫ్యూజు మారుస్తారు. చివరకు కొత్త వైరు లాగుతారు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని విప్పడు. తెగిన పోగును వెదికి ముడివేస్తాడు. ఉద్నా, లింబాయత్‌లలో స్థిరపడిన తెలంగాణ నేతపనివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వైర్ల విషయంలోనూ ఇదే పద్ధతి శ్రేయస్కరం.

ఇక్కడ గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. విద్యుత్తు బల్బు దాకా పోతే చాలదు. తిరిగి బ్యాటరీకి చేరాలి. పోయే దారులు అనేకం: ఎడమ సిగ్నలుకొకటి, కుడి సిగ్నలుకొకటి, బ్రేకు దీపాలకొకటి. తిరిగివచ్చే దారి మాత్రం అన్నింటికీ కలిపి ఒక్కటే. దానినే ఎర్త్ అంటారు. ట్రెయిలరు దీపాల జబ్బులలో అధికభాగం ఈ దారిలోనే పుడతాయి. సముద్రపు ఉప్పుగాలికీ, వానకాలపు తేమకూ రాగితీగ పచ్చబారుతుంది. ఎర్త్ వైరును బిగించిన బోల్టు తుప్పుపడుతుంది. కొందరు ఎర్త్ వైరే వేయక, ట్రాలీని తగిలించిన కొక్కెమే చాలునని సరిపెట్టుకుంటారు. గ్రీజు పూసిన ఆ ఇనుము గతుకు గతుకుకూ అంటుతూ విడుతూ ఉంటుంది; దీపమూ అలాగే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

ఎర్త్ చెడిందనడానికి స్పష్టమైన గుర్తులున్నాయి. సిగ్నలు వేస్తే వెనుక దీపం కూడా దానితో మినుకుమనడం, బ్రేకు తొక్కితే ఇతర దీపాలు వెలవెలబోవడం అటువంటివి. తన దారి మూసుకుపోయిన విద్యుత్తు పక్క బల్బుల గుండా దారి వెదుక్కోవడమే ఇందుకు కారణం.

ఈ లోపం వోల్టుమీటరును సైతం మోసగిస్తుంది. బల్బులు తీసివేసి కొలిస్తే అది నిండుగా 12 వోల్టులు చూపుతుంది. కాని బ్రేకు దీపాలు, నాలుగు మూలల హెచ్చరికగా వేసే సిగ్నళ్ళు, వెనుక దీపాలు ఒకేసారి వెలిగితే ట్రాలీ వెనుక సుమారు 94 వాట్ల బరువు పడుతుంది; ఎర్త్ గుండా దాదాపు 8 ఆంపియర్లు మరలిరావాలి. ఆ దారిలో తుప్పు వలన అర ఓము నిరోధం ఏర్పడినా ఇంచుమించు 3 వోల్టులు అక్కడే హరించిపోయి, వెలుగు సగానికన్న తగ్గిపోతుంది. కనుక దీపాలు వెలుగుతుండగానే పరీక్షించాలి.

పరీక్షకు ఒక క్రమమున్నది. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. తరువాత ఫ్యూజును, ఆపైన బండి వెనుక ఉన్న ఏడు పిన్నుల సాకెట్టును చూడాలి. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బండి ఇనుముకు గాక, సాకెట్టులోని ఎర్త్ పిన్నుకే తగిలించాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల సాకెట్టులో అది 3వ పిన్ను. భారీ లారీల 24 వోల్టుల సాకెట్టులో 1వ పిన్ను. వైరు రంగును మాత్రం నమ్మరాదు. చేతులు మారిన ట్రాలీలో దొరికిన రంగునే వాడి ఉంటారు. సాకెట్టు దాకా అంతా సవ్యంగా ఉంటే లోపం ట్రాలీలోనిదే. అప్పుడు బ్యాటరీ మైనస్ కొన నుండి ట్రాలీ చట్రానికి విడిగా ఒక వైరు కలిపి చూడాలి. దీపాలు ప్రకాశవంతమైతే రోగం ఎర్త్‌దే. బోల్టు వద్ద రంగునూ తుప్పునూ గీకి, లోహం మెరిసేలా చేసి బిగిస్తే పని పూర్తవుతుంది.

పెద్ద పికప్‌ల వెనుక ట్రెయిలరు కట్టడం అలవాటైన అమెరికాలో ఏడు పిన్నుల సాకెట్టులో ఒకటి ట్రెయిలరు బ్యాటరీకి విద్యుత్తు అందించడానికే ఉంటుంది. కొన్ని నమూనాలలో దాని ఫ్యూజును కొనుగోలుదారే అమర్చుకోవాలి. అది తెలియనివారు లేని లోపం కోసం వైర్లన్నీ విప్పుతారు.

ఫ్యూజు పదేపదే పోతుంటే, వైరు ఎక్కడో చట్రానికి రాసుకుంటున్నదని అర్థం. ఫ్యూజు స్థానంలో తీగముక్క చుట్టడం నిప్పును పిలవడమే. దాని బదులు అక్కడ 21 వాట్ల బల్బును కలపాలి. షార్టు ఉన్నంతసేపు అది పూర్తిగా వెలుగుతుంది. ట్రాలీ వైర్లను భాగభాగంగా విడదీస్తూ పోతే, ఏ భాగం విడదీసినప్పుడు బల్బు వెలుగు పడిపోతుందో లోపం ఆ భాగంలోనిదే.

ప్రయాణానికి ముందు ఒకరు బ్రేకు తొక్కుతుండగా మరొకరు వెనుక నిలబడి చూడడానికి అరనిమిషం చాలు. ఎంత మంచి వైరింగైనా నడిదారిలో చెడవచ్చు. అందుచేత ట్రాలీ వెనుక, చెరకు గడలు కప్పివేయని చోట, ఎర్రని రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. వాటికి బ్యాటరీ అక్కరలేదు. వెనుకవచ్చే బండి వెలుతురే చాలు.