చెయ్యి ఎప్పుడు వణుకుతోందో చూశారా?

వేటపాలెంలో మగ్గం ఉన్న ఇంట్లో చెయ్యి వణికిందంటే అది కూటికి సంబంధించిన సంగతి. తెగిన పోగు అతకాలన్నా, కండె చుట్టాలన్నా వేళ్ళు మాట వినాలి కదా! మామగారి చెయ్యి వణికితే ముందు కంగారుపడేది ఇల్లాలే. "వయసు మీదపడింది, అంతే" అని సరిపెట్టుకునేదీ మనమే. వణుకులన్నీ ఒకటి కావు సుమండీ. రెండు మూడు రోజులు జాగ్రత్తగా గమనించండి.

కాఫీ గ్లాసు అందించి చూడండి. నోటి దగ్గరికి తెచ్చుకునేటప్పుడు రెండు చేతులూ వణికి కాఫీ తొణుకుతోందా? చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే ఆగుతోందా? ఆయన తండ్రికో, అక్కకో కూడా ఇలాగే ఉండేదా? అయితే చాలావరకు అది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు. దానికి మందులున్నాయి. థైరాయిడ్ ఎక్కువైనా, ఉబ్బసం మందులు వాడుతున్నా చేతులు సన్నగా వణకొచ్చు.

1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు తీరు వేరు. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. అరుగు మీద ఊరికే కూర్చున్నప్పుడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మాత్ర నలుపుతున్నట్టు చెయ్యి ఆడుతుంది. గ్లాసు పట్టుకోబోతే తగ్గుతుంది. అసలు వణుకు కన్నా నెమ్మదితనమే పెద్ద గుర్తు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట. నడుస్తుంటే ఒక చెయ్యి ఊగదు. సంతకం చిన్నదైపోతుంది. మొహంలో నవ్వు కనిపించదు. "మామగారికి నా మీద కోపమేమో" అని మధనపడే కోడళ్ళున్నారు. కోపం కాదమ్మా, మొహం కండరాలు సరిగా కదలవు! కొందరికైతే వణుకే ఉండదు. పోపు వాసన తెలియకపోవడం, మలబద్ధకం ఏళ్ళ ముందే మొదలవ్వచ్చు.

ఇప్పుడు మందుల డబ్బా తియ్యండి. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. తల తిరుగుతోందని ఎప్పుడో రాసిచ్చిన మాత్రను మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో! అట్ట వెనక సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ అని ఉందేమో చూడండి. వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ కూడా ఆ కోవలోదే. వీటివల్ల అచ్చం పార్కిన్సన్స్‌లాంటి వణుకూ బిగుసుకుపోవడమూ రావచ్చు. డాక్టరు ఆ మందు మాన్పిస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. మానసిక వైద్యులిచ్చే కొన్ని మందులతోనూ ఇలా అవుతుంది గానీ, వాటిని మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు.

దూలగొండి గింజల పొడి మాటేమిటంటారా? అది ఉత్త నమ్మకం కాదు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఆ గింజల్లోంచి లెవొడోపాను వేరుచేశారు. పార్కిన్సన్స్‌కి డాక్టర్లు ఇచ్చే ముఖ్యమైన మందు అదే. అందుకే భయం కూడా! మాత్రలకు తోడు పొడి కూడా పెడితే మోతాదు మించిపోతుంది.

గుంటూరు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు మందుల అట్టలన్నీ సంచిలో వేసుకోండి, నాలుగైదేళ్ళ కిందటి సంతకం ఉన్న కాగితం ఒకటి పట్టుకెళ్ళండి. లెవొడోపా రాసిస్తే భోజనానికి అరగంట ముందే వెయ్యండి. పప్పన్నం, పెరుగుతో కలిపి వేస్తే మందు సరిగా ఒంటపట్టదు. వికారం పెడితే మాత్రం రెండు బిస్కట్లు ఇవ్వచ్చు.