విన్న మాటకు కొలబద్ద

పదిమంది కూడిన చోట ఏమి మాట్లాడుకొంటున్నారో ఒక్క పూట శ్రద్ధగా వింటే మూడు విషయాలు తప్పక వినవస్తవి. ఫలానా తార ఎవరిని పెండ్లాడబోతున్నదన్నది ఒకటి. కొత్తగా వచ్చిన సెల్‌ఫోను ఏమేమి చేయగలదన్నది రెండవది. కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తున్నది, ఏ షెడ్డులో బాగుచేయించవలెనన్నది మూడవది. రైలుపెట్టెలోను, పెండ్లి పందిరిలోను, బడిలో ఉపాధ్యాయుల గదిలోను ఇదే వరుస. సాహిత్యాభిమానులలో కొందరికి ఇది చూచి విసుగు. లోకులు అల్పవిషయాలతో కాలం గడుపుతున్నారని వారి ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులో మేము పాలుపంచుకోలేము. తెలియని దానిని తెలుసుకోవలెనన్న కుతూహలమే ఈ మూడింటికీ మూలం. అది లేకపోతే శాస్త్రమూ లేదు, కథా లేదు. ఆలోచించవలసిన విషయం వేరొకటి ఉన్నది. బండి సంగతి మనం పరీక్షించి నమ్ముతాము. మనిషి సంగతి విని నమ్ముతాము. ఈ తేడా వల్ల కలుగుతున్న నష్టం చిన్నది కాదు.

ముందు బండి సంగతే చూద్దాము. ఇంజనులో ఆయిలు చాలినంత ఉన్నదా అన్న ప్రశ్నకు ఎవరి మాటా ప్రమాణం కాదు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, కొంతసేపు ఆగి, డిప్‌స్టిక్కు పైకి తీయవలె. మొదటిసారి కనబడిన తడి లెక్కలోకి రాదు. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసినప్పుడు ఆయిలు రెండు గీతల నడుమ ఉన్నదో లేదో కంటికే తెలుస్తుంది. టైరులో గాలిని, బండి నడవక ముందు, చల్లగా ఉన్నప్పుడే కొలవవలె. పరుగెత్తిన టైరు వేడెక్కి ఒత్తిడిని ఎక్కువగా చూపుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన తయారీ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు దాని వయస్సు చెబుతవి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. దుకాణదారు కొత్త సరుకేనని ఎంత గట్టిగా చెప్పినా, ఆ అంకెలు చదవగలిగినవాడు మోసపోడు. మొదట చూడడం, తరువాత చెప్పడం, ఇదే మంచి మెకానిక్కు పద్ధతి.

ఫోను విషయంలో కూడా కొంతవరకు ఈ జాగ్రత్త కద్దు. 1995 జూలై 31న కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినప్పుడు మన దేశంలో సెల్‌ఫోను సేవ మొదలైనది. నాడు అది మాట్లాడే సాధనం మాత్రమే. నేడు అదే దీపం, అదే గడియారం, అదే కెమెరా, అదే దారి చూపే పటం. దానిని కొనే ముందు మనవారు నాలుగు దుకాణాలు తిరుగుతారు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందో పోల్చి చూస్తారు. పనిముట్టును ఇంతగా పరీక్షించేవారు, ఆ పనిముట్టు మోసుకొని వచ్చిన మాటను మాత్రం పరీక్షించరు. చదివిన క్షణంలోనే బొటనవేలు కదులుతుంది. మాట మరి పదిమందికి చేరిపోతుంది.

ఇందుకు కార్ల లోకంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఎండకాలం రాగానే ఒక హెచ్చరిక ఫోనుల్లో తిరుగుతుంది: ట్యాంకు నిండా పెట్రోలు పోయించితే వేడికి పేలిపోతుందట! దాని కింద ఇండియన్ ఆయిల్ సంస్థ పేరు. ఆ మాట తమది కాదని, తయారీదారు నిర్ణయించిన మేరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చునని ఆ సంస్థ బహిరంగంగా చెప్పినది. నిప్పురవ్వ తగలకుండా పెట్రోలు తనంతట తాను అంటుకోవడానికి 200 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కావలె. మన రోహిణికార్తె ఎండ ఎంత తీవ్రమైనా 50 డిగ్రీల దరిదాపులలోనే ఆగుతుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి తేల్చగల లెక్క ఇది. అయినా పట్టభద్రులు సైతం ఈ హెచ్చరికను ఏటా బంధువులకు పంపుతూనే ఉన్నారు. అదే బండి టైరులో గాలి కొలవకుండా వీరు ఊరు దాటరు!

ఇక తారల ముచ్చట్లు. వీటి వల్ల ఎవరికేమి నష్టం, ప్రొద్దుపోకకు చెప్పుకొనే కబుర్లే కదా అని కొందరి వాదం. తెలుగు సినిమాలు కూడా ఎక్కువగా మద్రాసులోనే తయారవుతున్న రోజులలో అక్కడ జరిగిన ఒక ఉదంతాన్ని వారు గుర్తుకు తెచ్చుకోవలె. లక్ష్మీకాంతన్ అనే పత్రికా నిర్వాహకుడు నటీనటుల సొంత జీవితాలను గురించిన కబుర్లతో పత్రిక నడిపేవాడు. ‘సినిమా తూతు’ నిలిచిపోయిన తరువాత ‘హిందూ నేశన్’ నడిపాడు. 1944 నవంబరులో దుండగులు అతనిని పొడిచి చంపారు. ఆ కేసులో ప్రఖ్యాత గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌కు, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌కు 1945లో యావజ్జీవ ప్రవాసశిక్ష పడినది. ప్రీవీ కౌన్సిలు కేసును తిరిగి విచారింపజేయగా, 1947లో మద్రాసు హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టినది. కబుర్లతో బ్రతికిన మనిషి ప్రాణం పోయినది. నిర్దోషులుగా తేలినవారు రెండేండ్లకు పైగా చెరలో గడిపారు. జైలు నుండి వచ్చిన భాగవతార్‌కు పూర్వవైభవం మళ్ళీ దక్కలేదు.

పత్రికకైతే ఒక పేరు, ఒక చిరునామా ఉంటవి. తప్పు వ్రాస్తే నిలదీయవచ్చును. ఫోనులో వచ్చే వదంతికి తల్లీ లేదు, తండ్రీ లేదు. 2023 మార్చిలో, ఉగాది ముందు, నటుడు కోట శ్రీనివాసరావు మరణించారన్న వార్త ఊరూరా వ్యాపించినది. ఆయన ఇంట్లో కులాసాగా ఉన్నారు. తాను బ్రతికే ఉన్నానని తానే వీడియోలో కనబడి చెప్పుకోవలసి వచ్చినది. ఆ తరువాత రెండేండ్లకు పైగా జీవించి, 2025 జూలైలో ఆయన కన్నుమూశారు. ఎనభయ్యవ పడికి చేరిన పెద్దమనిషి ఇంటికి, పండుగపూట, మరణవార్తను మోసుకొనిపోయిన వేలాది వేళ్ళలో ద్వేషంతో కదిలినవి ఎన్నో ఉండవు. చూడకుండా చెప్పే అలవాటు చాలు, ఆ పని చేయడానికి.

ఆ అలవాటే తారలను దాటి సామాన్యుల మీద పడినప్పుడు ఏమి జరుగుతుందో 2018లో దేశం చూచినది. పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నవని ఫోనుల్లో వదంతులు పుట్టినవి. జూలై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రాయిన్‌పాడ గ్రామంలో, ఆ అనుమానంతోనే, సంచార జీవులైన ఐదుగురిని జనం కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా హద్దు విధించినది. మన జోగుళాంబ గద్వాల జిల్లాలో పోలీసులు గ్రామాలకు పోయి, జానపద కళాకారుల పాటల ద్వారా వదంతులను నమ్మవద్దని ప్రజలకు బోధించారు. ఆ ప్రయత్నం మెచ్చుకోదగినది. అయితే సంస్థ పెట్టే హద్దు వేలును ఆపుతుంది గాని బుద్ధిని మార్చదు. పోలీసులు ఎల్లకాలం పాటలు పాడించలేరు. ఈ పని పాఠశాలది.

నిప్పు లేనిదే పొగ రాదు గదా అని వదంతిని సమర్థించేవారు ఉన్నారు. వారు మెకానిక్కును అడగవలె. పొగ గొట్టం నుండి నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నదని, నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై సరిగా కాలడం లేదని, తెల్లపొగ ఆగకుండా వస్తే ఇంజనును చల్లబరిచే నీరు లోపలికి చేరుతున్నదని అతడు అనుమానిస్తాడు. అయినా విప్పి చూచిన తరువాతనే నిర్ణయిస్తాడు. చలికాలం ఉదయం కొద్దిసేపు కనబడి పోయే తెల్లని ఆవిరి చూచి అతడు కంగారుపడడు. అది వట్టి నీటి ఆవిరి. బండికి ఏ జబ్బూ లేదు. పొగను చూచి పరుగెత్తడం వేరు, దాని రంగు చూచి కారణం వెదకడం వేరు.

వినిన వెంటనే తొందరపడరాదన్న నీతి మనకు కొత్త కాదు. సుమతీ శతకంలోని ఆ పద్యం మన విద్యార్థులలో చాలామందికి కంఠస్థం. కంఠస్థమైనది ఇంకా చేతికి రాలేదు. అందుకే ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. వారానికి ఒక గంట కేటాయించండి. పిల్లల ఇండ్లలోని ఫోనులకు వచ్చిన ఒక సందేశాన్ని నల్లబల్ల మీద వ్రాయించండి. ఈ మాట మొదట అన్నది ఎవరు? చూచి అన్నాడా, విని అన్నాడా? అతడు గాక వేరొకరు ఎవరైనా దీనిని ధ్రువపరిచారా? అబద్ధమైతే ఎవరికి దెబ్బ తగులుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు పిల్లలనే వెదకనివ్వండి. వీలుంటే ఒకనాడు వారిని దగ్గరలోని షెడ్డుకు తీసుకొనిపోయి టైరు అంకెలు చదివించండి, డిప్‌స్టిక్కు తుడిచి చూపించండి. చదరపు అంగుళానికి 33 పౌండ్ల గాలి అంటే సుమారు 228 కిలోపాస్కళ్ళని అక్కడే లెక్క కట్టించండి. భౌతికశాస్త్ర పాఠమూ, నీతిపాఠమూ ఒకేచోట జరుగుతవి.

విద్యార్థులారా, తారల కబుర్లు మానుకోమని మేము చెప్పడం లేదు. నచ్చిన నటుని గురించి తెలుసుకోవలెననుకోవడం తప్పు కాదు. కాని ఆ నటునికి ఇల్లున్నది, తల్లిదండ్రులున్నారు, బిడ్డలున్నారు. మీ చేతిలోని మాట ఆ ఇంటి వరకూ పోగలదు. ఇతరులకు పంపే ముందు ఒక్కసారి తుడిచి చూడండి. నిజమని తేలకపోతే మీ దగ్గరనే ఆపివేయండి.