వినిపించే గ్రంథాలయం



గత నెలలో పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, మా దివిసీమ సంఘానికి చెందిన ఒక అమ్మగారిని చూడడానికి గచ్చిబౌలి వెళ్ళాను. ఆమె కుమారుడు అక్కడ కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగి. పగలంతా కొడుకు, కోడలు ఆఫీసులో, మనుమడు కాలేజీలో ఉంటారు. పదకొండో అంతస్తులో ఆమె ఒక్కరే. చూపు మందగించి రెండేళ్ళయింది. పాపం, పొద్దు ఎలా గడుస్తుందో అనుకుంటూ తలుపు తట్టబోయాను. లోపల ఎవరో కథ చదువుతున్నారు. బంధువులు వచ్చారనుకున్నాను. తీరా చూస్తే బల్లమీద సెల్‌ఫోను!

"దీన్ని పాడ్‌కాస్టు అంటారంట అయ్యగారూ. మనవడు పెట్టి వెళ్తాడు. నేను చదువుకోలేను గదా, వీళ్ళే చదివి పెడతారు" అన్నారామె.

పాడ్‌కాస్టు అంటే ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ ఆ పిల్లవాణ్ణే అడిగి తెలుసుకున్నాను. రేడియోలో కార్యక్రమం ఆ వేళకు వినకపోతే పోయినట్టే. పాడ్‌కాస్టు అలా కాదు. ఒకరు మాట్లాడి రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఉంచుతారు. మనం ఒకసారి కోరుకుంటే, చందాదారునికి పత్రిక వచ్చినట్టు ప్రతి కొత్త భాగమూ ఫోనుకు వస్తుంది. చాలావాటికి డబ్బు కట్టనక్కరలేదు. సిగ్నలున్న చోట దించుకుంటే, సిగ్నలులేని పొలంలో కూడా వినవచ్చు. ఈ పేరు 2004లో ఇంగ్లండు పత్రికలో పుట్టింది. తెలుగు కథలు వినిపించే 'హర్షణీయం' వంటివి మనకూ ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో నాకు మన ఊళ్ళ గ్రంథాలయాలు గుర్తుకొచ్చాయి. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున మనమందరం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అక్షరం రాని కూలితల్లి కూడా కడుతోంది. కాని ఆమెకు అక్కడ ఏమి దొరుకుతోంది? తలుపు తెరిచే ఉంటుంది, ఆమె మాత్రం గడప తొక్కదు. మా మందిరంలోని పుస్తకాల బీరువా సంగతీ అంతే. తాళంచెవి నా దగ్గరే ఉంది గనుక ఈ మాట నాకే ముందు తగులుతుంది.

1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మనుషులు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే మనుషుల దగ్గరకు వెళ్ళాలని ఆయన ఎరిగి ఉన్నారు. ఈనాటి పడవ ఈ ఫోనే. వారానికొక సాయంత్రం గ్రంథాలయంలో చిన్న స్పీకరు పెట్టి మంచి కథ వినిపించవచ్చు. విన్న కథ ఉన్న పుస్తకాన్ని పక్కనే ఉంచితే, చదవగలిగిన పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోతారు. చదవడం వచ్చినవారు గురజాడ, వీరేశలింగం గార్ల రచనలు చదివి రికార్డు చేయవచ్చు. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళవరకు హక్కులుంటాయి గనుక, ఇటీవలి పుస్తకాలకు మాత్రం అనుమతి తప్పనిసరి.

ఇదంతా చదువుకున్నవాళ్ళ పని అనకండి. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోలో పల్లెటూరి దళిత స్త్రీలే రికార్డు చేసి కార్యక్రమాలు తయారుచేశారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన నాటికి నేను పుట్టలేదు. దానిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పెద్దాయన ఒకరు మా సంఘంలో ఉండేవారు. ఆ రాత్రి సంగతి చెప్పబోయిన ప్రతిసారీ, "మళ్ళీ వస్తాను తాతా, తీరికగా విందాం" అనేవాణ్ణి. మొన్న వేసవిలో ఆయన సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే. అన్నాళ్ళూ రికార్డు చేయగల ఫోను నా జేబులోనే ఉంది!

అందుకే ఆ రోజు గచ్చిబౌలిలో ఆ అమ్మగారిని అడిగాను: "అమ్మా, ఉప్పెన నాడు మీరు ఊళ్ళోనే ఉన్నారు గదా, చెబుతారా?" ఆమె కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, తుమ్మచెట్టు కొమ్మ పట్టుకొని చంటిబిడ్డతో తెల్లవార్లూ ఎలా నిలిచారో చెప్పారు. నలభై నిమిషాలు. ఆ చంటిబిడ్డే ఇప్పటి ఇంటి యజమాని. సాయంత్రం ఇంటికొచ్చి తల్లి గొంతు విని, "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదండీ" అన్నాడు. "నువ్వెప్పుడడిగావురా?" అన్నారామె.

ఆమె అనుమతితోనే ఆ రికార్డును మా బీరువాలో చేర్చాను. దానికి పుస్తకంలాగే ఒక సంఖ్య వేశాను.

ప్రియులారా, మీ ఇంట్లో వృద్ధులున్నారా? ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వారి పక్కన కూర్చోండి. ఫోను బల్లమీద పెట్టి, ఒక్క ప్రశ్న అడిగి, ఊరకుండండి. మళ్ళీ వస్తానని మాత్రం అనకండి.