ఫుట్‌పాత్ మీద మనిషి ఎవరి ఫైలు?

గ్రూప్స్ పరీక్షకో, పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కో ఊరు దాటి వెళ్లినవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. సెంటర్ ఎక్కడో వేరే జిల్లాలో పడుతుంది. పొద్దున్నే రిపోర్టింగ్. లాడ్జికి పెట్టే డబ్బు ఉండదు, ఉన్నా మనసొప్పదు. రాత్రి బండి దిగి ప్లాట్‌ఫాం మీదే బ్యాగు తల కింద పెట్టుకుని నడుం వాలుస్తారు. ఏ ఒంటి గంటకో రెండింటికో ఎవరో లాఠీతో బెంచీ మీద తట్టి లేపుతారు. హాల్‌టికెట్ చూపిస్తే వదిలేస్తారు.

మీ పక్కన పడుకున్న పెద్దాయన దగ్గర హాల్‌టికెట్ లేదు. ఆయన్ను లేపి బయటికి పంపేస్తారు. స్టేషన్ గేటు దాటేదాకా ఆయన రైల్వేవాళ్ల సమస్య. గేటు దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చాక మున్సిపాలిటీ సమస్య. ట్రాఫిక్‌కు అడ్డమైతే పోలీసుల సమస్య. జ్వరంతో మూలుగుతుంటే 108 సమస్య. ఇన్ని శాఖలకు ఆయన సమస్యే. ఆయన బాధ్యత ఎవరిది అని అడిగితే మాత్రం మన ఆఫీసుల్లో బాగా అరిగిపోయిన మాట ఒకటుంది కదా, “మా పరిధిలోకి రాదు” అని.

ఉద్యోగాల పేజీలో ఈ గొడవ ఎందుకంటారా? ఈ కుర్చీలన్నీ మీరు పోటీ పడుతున్నవే కాబట్టి. గ్రూప్-2లో మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టు ఉంది. గ్రూప్-1 రాసి డిప్యూటీ కలెక్టర్ అయినవాళ్లు ఆర్డీవో కుర్చీలో కూర్చుంటారు. డీఎస్పీ, ఎస్సై, వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి, స్టాఫ్ నర్సు... పైన చెప్పిన పెద్దాయన ఏదో ఒక రోజు మీ టేబుల్ ముందుకు వస్తాడు. కోచింగ్ నోట్సులో ఈ చట్టాలన్నీ వేర్వేరు చాప్టర్లు. ఆయన బతుకులో అన్నీ ఒకే రాత్రి కలుస్తాయి.

ముందు లెక్క చూద్దాం. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లు దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లు 9.38 లక్షలు. 2010లో సుప్రీంకోర్టు, ఆహార హక్కు కేసులో భాగంగా, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ నడిచే ఆశ్రయ కేంద్రం ఉండాలని ఆదేశించింది. ఆ కొలతనే 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో పెట్టారు. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, రేషన్, పింఛను లాంటి పథకాలతో అనుసంధానం అన్నీ అందులో ఉన్నాయి. గ్రేటర్ హైదరాబాద్‌కు 2011 జనాభా ప్రకారం చూసుకున్నా 60కి పైగా కేంద్రాలు కావాలి. ఉన్నవి ఆ దరిదాపుల్లో కూడా లేవు. ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదు. దేశమంతా అమలు ఇలాగే ఉంటే 2016లో సుప్రీంకోర్టు రిటైర్డ్ జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసి పరిశీలించమనాల్సి వచ్చింది.

పని పంపకం ఎలా ఉందో చూడండి. డబ్బులో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా ఉంటాయి. అవి మెప్మా ద్వారా రావాలి. భవనం మున్సిపాలిటీ చూపించాలి. రోజూ నడిపేది ఎక్కువచోట్ల ఒక స్వచ్ఛంద సంస్థ. హైదరాబాద్‌లో ఈ పనిని జీహెచ్‌ఎంసీలోని యూసీడీ విభాగం చూస్తూ వచ్చింది. కాగితం మీద తప్పేం లేదు. కానీ ఈ గొలుసులో ఒక లింకు దగ్గర బిల్లు ఆగితే రాత్రి డ్యూటీ కేర్‌టేకర్ జీతం ఆగుతుంది. ఆయన మానేస్తే తాళం పడుతుంది.

కేంద్రం గోడల లోపలి సంగతి ఇది. అసలు చిక్కు బయట, ఒక శాఖ చేతిలోంచి ఇంకో శాఖ చేతిలోకి మనిషి మారే చోట ఉంది. మళ్లీ మన పెద్దాయన దగ్గరికే వద్దాం. 108 వచ్చి ప్రభుత్వాసుపత్రిలో చేర్చింది. వారం వైద్యం చేశారు, తగ్గింది, డిశ్చార్జ్ రాశారు. డాక్టరు తన పని పూర్తిగా చేశాడు. ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఎక్కడికి డిశ్చార్జ్ చేశారు? ఆసుపత్రి గేటు బయటికి. పూటపూటా మందులు వేసుకోమని చీటీ మీద రాశారు, ఆయనకు పూట భోజనమే లేదు. పది రోజుల్లో మళ్లీ అదే 108. ఆ ఆసుపత్రికి దగ్గర్లో ఆశ్రయ కేంద్రం ఉన్నా డిశ్చార్జ్ రాసే నర్సు దగ్గర దాని ఫోన్ నంబరు ఉండాలని ఎవరూ అనుకోలేదు. నంబరు ఉన్నా, ఆయన్ను అక్కడికి చేర్చే ఆటో చార్జీ ఏ పద్దు కింద రాయాలో తెలియదు. నవ్వులాటగా అనిపించినా, ప్రభుత్వ సేవలు సగం ఇలాంటి చోటే ఆగిపోతాయి.

ఆయనకు 60 దాటాయి కాబట్టి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. పిల్లలుంటే ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్ వాళ్లను పిలిపించవచ్చు. ఎవరూ లేకపోతే? జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో 150 మందికి చోటు అని చట్టంలోని 19వ సెక్షన్‌లో రాశారు. ప్రభుత్వం ‘ఏర్పాటు చేయవచ్చు’ అని రాశారు గానీ ‘చేయాలి’ అని రాయలేదు. లా చదివే మిత్రులు ఈ ఒక్క క్రియాపదం విలువ చెప్పగలరు.

ఇప్పుడు అదే ఫుట్‌పాత్ మీద ఒక చిన్నపిల్లాడు ఉన్నాడనుకోండి. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. మతిస్థిమితం లేక తిరుగుతున్న మనిషి అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ ఉంది. ఆయన్ను రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి విధి. 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేనివాడైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. ఇవి పూర్తిగా అమలవుతున్నాయని నేను అనను. కానీ అమలు కాకపోతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఒక కుర్చీ ఉంది, ఒక గడియారం ఉంది.

పిల్లాడు కాదు, మతి బాగానే ఉంది, నేరం చేయలేదు. మామూలు మనిషి, ఇల్లు లేదు, అంతే. అడ్డా మీద కూలి దొరికితే తింటాడు. ఇలాంటివాళ్ల విషయంలోనే కుర్చీ లేదు, గడియారం లేదు. ‘సంబంధిత శాఖలు సమన్వయంతో పనిచేయాలి’ అన్న వాక్యం ఒక్కటి ఉంది. మీరు రేపు ఆఫీసులో చేరాక ఇలాంటి వాక్యాలు రోజుకు పది చూస్తారు. ‘సంబంధిత’ అన్న చోట పేరు లేకపోతే ఆ కాగితం ఎవరిదీ కాదని అర్థం.

పేరు పెడితే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఇల్లు లేనివాళ్లకు కూడా ఓటు హక్కు ఉంది, చిరునామా రుజువు అక్కర్లేదు. ఫారం-6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించి. అంటే మన ప్రభుత్వ యంత్రాంగానికి రాత్రిపూట ఫుట్‌పాత్ మీదికి వెళ్లడం తెలియదని కాదు. బీఎల్‌వో అనే ఒక మనిషికి ఆ పని అప్పగిస్తే జరుగుతోంది. జనగణనలో కూడా అంతే. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు వంతెనల కింద, గుళ్ల దగ్గర, ప్లాట్‌ఫాంల మీద తిరిగి లెక్క రాశారు. ఓటుకు, లెక్కకు వెళ్లగలిగినవాళ్లం దుప్పటికి, పడకకు ఎందుకు వెళ్లలేకపోతున్నాం?

శాఖలన్నీ కలిసి చురుగ్గా పనిచేసిన సందర్భం అసలు లేదా అంటే, ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చారు. దానికి ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. రోడ్ల మీదివాళ్లను ఎక్కించుకెళ్లి జైళ్ల శాఖ నడిపే ఆనందాశ్రమాల్లో పెట్టారు. పోలీసులు, జైళ్లు, మున్సిపాలిటీ అందరూ కదిలారు. అక్కడ భోజనం, పడక దొరికిన మాట నిజం. కానీ పేదరికానికి జైళ్ల శాఖ దగ్గర చోటు చూపించాం అన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అక్కడ భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. మన దగ్గర మాత్రం 1977 నాటి భిక్షాటన నివారణ చట్టం పుస్తకాల్లో అలాగే మిగిలింది. ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్నవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అన్నీ ఒకే సంస్థకు అప్పగిస్తే సరిపోతుందా? ఢిల్లీలో 2010 చట్టంతో డూసిబ్ అనే బోర్డు పెట్టి రాత్రి బసలన్నీ దాని కిందికి తెచ్చారు. మన నగరాల కంటే అక్కడ కేంద్రాలు చాలా ఎక్కువ. అయినా 2023 ఫిబ్రవరిలో సరాయ్ కాలే ఖాన్ దగ్గర బోర్డు బస కేంద్రాన్నే పార్కు అభివృద్ధి పేరుతో కూల్చేశారు. బస ఒకరిది, భూమి నిర్ణయం ఇంకొకరిది. కాబట్టి కొత్త బోర్డు పెట్టడం కంటే ముందు చేతులు మారే చోట నిబంధన రాయాలని నా అభిప్రాయం. ఆసుపత్రి నుంచి ఆశ్రయ కేంద్రానికి, స్టేషన్ నుంచి ఆశ్రయ కేంద్రానికి, ఆశ్రయ కేంద్రం నుంచి పింఛనుకు. ఎవరు అప్పగిస్తారు, ఎవరు తీసుకుంటారు, ఎన్ని గంటల్లో.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మీరు బట్టీపట్టిన సమాచార హక్కు చట్టంలోనే ఉంది. తమది కాని దరఖాస్తు వస్తే తిప్పి పంపకూడదు, 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేసి, చేశామని దరఖాస్తుదారుకు చెప్పాలి. సెక్షన్ 6(3). కాగితానికి ఇచ్చిన ఈ గౌరవం మనిషికి ఇవ్వలేమా? ఇప్పుడు రాయడానికి అదను కూడా ఉంది. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఇల్లు లేనివాళ్ల ఆశ్రయం కూడా కలిపి కొత్త పట్టణ పేదరిక నిర్మూలన పథకం ఖరారు చేస్తున్నామని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది.

ఎంఎస్‌డబ్ల్యూ చేస్తున్నవాళ్లకు, చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఈ రంగంలో జీతాలు గొప్పగా ఉంటాయని చెబితే అబద్ధమవుతుంది. ఆశ్రయ కేంద్రం మేనేజర్, కౌన్సెలర్ లాంటి పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే. కానీ ఒక మనిషికి ఆధార్ ఇప్పించాలంటే గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుందని, ఆ ఆధార్‌తో బ్యాంకు ఖాతా, ఆ ఖాతాతో పింఛను వస్తాయని, ఈ వరస మొత్తం తెలిసినవాళ్లు ఆఫీసుల్లో అరుదు. ఆ వరస తెలిసిన అభ్యర్థి ఇంటర్వ్యూ గదిలో వేరుగా కనిపిస్తాడు.

ఈ నెలలో ఒక పని చేసి చూడండి. మీ ఊరి మున్సిపాలిటీకి పది రూపాయలతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఊళ్లో ఆశ్రయ కేంద్రాలు ఎన్ని, ఎక్కడ, ఎన్ని పడకలు, నిన్న రాత్రి ఎంతమంది పడుకున్నారు, ప్రభుత్వాసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన ఇల్లులేని రోగిని అక్కడికి చేర్చే బాధ్యత ఏ అధికారిది. మొదటి నాలుగింటికి జవాబు వస్తుంది. అయిదో ప్రశ్న ఎన్ని ఆఫీసులకు బదిలీ అయిందో తేదీలతో సహా రాసి మాకు పంపండి, ఇదే పేజీలో వేస్తాం.