డప్పుకు దూరపు చుట్టం

పిల్లలూ! నెల్లూరు జిల్లా పడమటి వైపున ఉదయగిరి, ఆత్మకూరు అనే ఊళ్లు ఉన్నాయి. ఉదయగిరి అనగానే మీకు కొండమీది కోటా, 1514లో దాన్ని పట్టుకున్న శ్రీకృష్ణదేవరాయలూ గుర్తుకు వస్తారు. మీ అమ్మగారికైతే అక్కడి చెక్క గరిటెలు గుర్తుకు వస్తాయి. కాని ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆ ప్రాంతపు పల్లెల్లో జాతరకూ, పెళ్లికీ, ఊరేగింపుకూ మోగే డప్పును గురించి.

డప్పును కొన్నిచోట్ల తప్పెట అనీ, కొన్నిచోట్ల పలక అనీ అంటారు. గుండ్రని కొయ్య చట్రానికి ఒకవైపున మేకతోలు బిగిస్తే అదే డప్పు. రెండోవైపు ఏమీ ఉండదు. వాయించే మనిషి దాన్ని ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేత్తో పొట్టిగా లావుగా ఉండే సిర్రనూ, ఎడమచేత్తో సన్నని చిటికెన పుల్లనూ పట్టుకుంటాడు. సిర్ర గంభీరంగా పలుకుతుంది. పుల్ల సన్నగా చిటపటలాడుతుంది. రెండూ కలిస్తే మీ కాళ్లు ఊరుకోవు!

వాయించబోయే ముందు గడ్డిమంట వేసి డప్పును కాచటం మీరు చూశారా? పాపం, డప్పుకు చలి వేసిందనుకునేరు! అసలు సంగతి వేరు. తోలుకు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉన్నది. చెమ్మ తగిలితే తోలు సాగి వదులవుతుంది. వదులైన తోలు బద్ధకంగా, నెమ్మదిగా కంపిస్తుంది; మోత "బొద్దు"మంటుంది. మంట సెగకు చెమ్మ ఎగిరిపోయి తోలు ముడుచుకుని బిగుస్తుంది. బిగిసిన తోలు త్వరత్వరగా కంపిస్తుంది, మోత "ఖణేలు"మంటుంది. బిగువు నాలుగింతలైతే కంపాల వేగం రెండింతలవుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ లెక్క తెలియకపోయినా, డప్పు కాచే తాత చెవికి ఎంత బిగువు చాలునో బాగా తెలుసు.

ఇప్పుడు దూరపు చుట్టం సంగతి. యూరపు ఖండానికి పడమటి చివర, సముద్రం మధ్యన, ఐర్లండు అనే ద్వీపం ఉన్నది. ఆ దేశపు పల్లెల్లో "బౌరాన్" అనే వాద్యం ఉన్నది. దాన్ని చూస్తే, "ఇది మన డప్పే!" అంటారు మీరు. అదే గుండ్రని చట్రం, అదే మేకతోలు, అదే ఖాళీ వీపు. అడ్డంగా కొలిస్తే పద్నాలుగు మొదలు పద్ధెనిమిది అంగుళాల దాకా ఉంటుంది. పాతకాలపు బౌరాన్‌ను వాళ్లూ నిప్పు దగ్గర కాచేవారు. ఐర్లండులో వాన ఎక్కువ కదా! ఇప్పుడు చాలా వాటికి బిగువు సరిచేసే మరలు అమర్చుతున్నారు.

వాయించే తీరు మాత్రం వేరు. బౌరాన్ వాయించేవాడు కుర్చీలో కూర్చుని దాన్ని ఎడమ తొడమీద నిలబెట్టుకుంటాడు. కుడిచేతిలో ఒకటే పుల్ల. దాన్ని కలం పట్టుకున్నట్టు పట్టుకుని, మణికట్టు ఆడిస్తూ రెండు కొసలతోనూ కొట్టవచ్చు. మరి ఎడమచెయ్యి ఊరికే ఉంటుందా? అది వెనకనుంచి లోపలికి పోయి తోలును అదుముతూ ఉంటుంది. అదిమినకొద్దీ ధ్వని హెచ్చుతుంది. మన కంజిర విద్వాంసులు ఎడమచేతి వేళ్లతో తోలును నొక్కి ధ్వనిని వంచటం కూడా ఇదే కిటుకు.

తాళాల్లో కూడా చుట్టరికం ఉన్నది. ఐర్లండు వాళ్ల "జిగ్" అనే నాట్యానికి "తకిట తకిట" అనీ, "రీల్" అనే నాట్యానికి "తకధిమి తకధిమి" అనీ మీరు తాళం వేస్తే సరిపోతుంది. అక్కడ కొందరు రెండు గరిటెల వీపులు కలిపి, కాడల మధ్య ఒక వేలు దూర్చి, మోకాలికీ అరచేతికీ మధ్య ఆడిస్తూ తాళం వేస్తారు. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు దొరికితే మీరూ ప్రయత్నించండి. అమ్మను అడిగి తీసుకోండి సుమా!

ఇంట్లో ఒక చిన్న పరీక్ష కూడా చెయ్యండి. ఒక ముంత మూతికి పగిలిన బుడగ రబ్బరును లాగి దారంతో గట్టిగా కట్టండి. దానిమీద నాలుగు ఆవగింజలు వెయ్యండి. దగ్గరలో పళ్లెం మీద "ఠంగు"మని కొట్టండి. ఆవగింజలు గంతులు వేస్తాయి! గాలిలో వచ్చిన కంపం రబ్బరును కదిలించిందన్నమాట. తరవాత రబ్బరును ఇంకా బిగించి, వేలితో తట్టి వినండి. స్వరం హెచ్చిందా?

ఇక అసలు మాట. ఒకప్పుడు ఐర్లండులో బౌరాన్‌ను పెద్ద వాద్యంగా ఎవరూ లెక్కచెయ్యలేదు. ఏటా డిసెంబరు 26న కుర్రవాళ్లు వేషాలు వేసుకుని, ఇంటింటికీ తిరుగుతూ దాన్ని వాయించేవారు. 1960 తరవాత షాన్ ఓ రియాడా అనే సంగీత విద్వాంసుడు దాన్ని తన వాద్యబృందంలో చేర్చి సభావేదిక ఎక్కించాడు. ఈనాడు ప్రపంచంలో ఎన్నో దేశాల వాళ్లు దాన్ని నేర్చుకుంటున్నారు. తోలు మారలేదు, కర్ర మారలేదు. చూసేవాళ్ల కన్ను మారింది.

మన డప్పుకు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. డప్పు లేనిదే ఊళ్లో జాతర లేదు. అయినా డప్పు కొట్టేవారిని ఊరి చివర ఉంచారు, గుడిలోకి రానివ్వలేదు, బావిలో నీళ్లు తోడనివ్వలేదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే పింఛన్లలో డప్పు కళాకారుల పింఛను కూడా ఉన్నది. కాని చట్టమూ పింఛనూ చెయ్యలేని పని ఒకటి మీరు చెయ్యగలరు.

ఈసారి మీ వీధిలో డప్పు మోగితే, ఆట అయినదాకా ఆగండి. వాయించిన పెద్దాయన దగ్గరికి వెళ్లి, "తాతగారూ! సిర్ర ఎలా పట్టుకోవాలో నాకు చూపిస్తారా?" అని అడగండి. వీణ నేర్పే గురువుగారిని ఎంత మర్యాదగా అడుగుతారో అంత మర్యాదగా అడగండి సుమా!