దల్మా కొండకు ఏ లెన్సు?

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాకు సమీపాన, సువర్ణరేఖ ఒడ్డున నిలిచి ఉత్తరంగా చూస్తే నదికి ఆవల దల్మా పర్వతశ్రేణి కానవస్తుంది. ఎత్తు సుమారు 3,000 అడుగులు. ఈ దృశ్యాన్ని 4×5 అంగుళాల ఫిల్ముపై చిత్రించదలచినవాడు తరచు అన్నిటికన్న విశాలమైన లెన్సునే కోరుకుంటాడు. 65 మి.మీ. లెన్సు ఏటినంతటినీ చూపుతుంది. కొండను మాత్రం చీమలపుట్టంత చేస్తుంది! ఒక్కొక్క ఫిల్మునూ విడిగా అమర్చి తీసే ఈ పద్ధతిలో అది ఖరీదైన పొరపాటే.

ఈ పరిమాణానికి 150 మి.మీ. సహజదృష్టి. 90 మి.మీ. అంటే చిన్న కెమెరాలోని 28 మి.మీ.కు ఇంచుమించు సమానం. దల్మాకు అది చాలు. అయితే కోణంకన్న ముఖ్యమైనది లెన్సు వెనుక ఏర్పడే బింబవలయం. ఫిల్ము మూలనుండి మూలకు దాదాపు 153 మి.మీ. ఉంటుంది. వలయం అంతకు బాగా మించకపోతే, శిఖరం కోసం కెమెరా ముందుభాగాన్ని పైకి జరపగానే మూలలు నల్లబడతాయి. 90 మి.మీ. సూపర్ ఆంగ్యులాన్ ఎఫ్ 8 వలయం 216 మి.మీ.; జరుపుకొనేందుకు కావలసినంత చోటు.

ఎఫ్ 5.6 రకం గాజుతెరపై రెట్టింపు వెలుగునిస్తుంది, నిజమే, బరువూ ఎక్కువే. తెల్లవారకముందే దృశ్యాన్ని సరిచూసుకొనేవారికి ఆ మోత తప్పదు. తక్కినవారికి ఎఫ్ 8 చాలు; చిత్రం తీసేవేళ ఎటూ ఎఫ్ 22కు కుదించవలసిందే కదా.